తెరమీద కనబడని పదకొండు చేలు

నేను ఉద్యోగం నుంచి దిగిపోయి ఏడాదిన్నర అవుతోంది. అంతకుముందు ముప్పై ఏళ్లకు పైగా కంప్యూటర్ల మధ్యే గడిచింది. మొదట ఖమ్మంలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేశాను, తర్వాత అడవి పల్లెల్లో భూముల సర్వేకు సాయం చేసే ఒక చిన్న సంస్థలో చేరాను. అక్కడ నన్ను సిస్టమ్స్ ఇన్‌చార్జి అనేవారు. అంటే ఏ యంత్రం మొరాయించినా అందరూ ముందుగా నావైపు చూసేవారన్నమాట.

ఇప్పుడు ఈ పనుల్లోకి కొత్తగా వస్తున్న మీలాంటి వాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, సర్వీసులో మరచిపోలేని రోజు ఏదో చెప్పమంటారు. ఏదైనా గెలిచిన కథ చెబుతానని ఎదురుచూస్తారు. నాకేమో ఒకే రోజు గుర్తుకొస్తుంది. ఆ రోజు నేను గెలిచిందేమీ లేదు. నా తొందర వల్ల పదకొండు కుటుంబాలకు అన్యాయం జరగబోయి ఆగింది. ఇప్పటికీ ఆ రోజును తలచుకుంటే ముందు గుండె జారుతుంది, ఆ తర్వాత ఊపిరి తేలికగా వస్తుంది.

ముందు మా పని ఏమిటో చెప్పాలి. దమ్మపేట దాటి ఆంధ్రా సరిహద్దు వైపు వెళితే పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలవుతుంది. ఆ అంచున ఉన్న గూడేల్లో పోడు కుటుంబాలు ఉన్నాయి. ఎప్పుడో తాతలు అడవి కొట్టి చేను చేసుకున్న భూమిని ఇప్పటికీ వాళ్లే దున్నుతున్నారు, చేతిలో కాగితం మాత్రం లేదు. పట్టాకు దరఖాస్తు పెట్టాలంటే చేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పటంలో చూపాలి. మా సర్వే వాళ్లు జీపీఎస్ పరికరం చేతబట్టుకుని ఆ చేను గట్టు వెంట చుట్టూ నడిచేవారు. ఆ నడక గుర్తులను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తే చేను ఆకారం వచ్చేది. తర్వాత గ్రామసభలో ఆ పటాన్ని పెద్ద తెరమీద అందరి ముందూ చూపేవాళ్లం. ఊరంతా ఔనన్నాక అధికారులు సంతకం పెట్టేవారు.

మా ల్యాప్‌టాప్‌లు పాతబడిపోయాయి. కరెంటు సరిగ్గా ఉండని గూడేల్లో వాటి బ్యాటరీలు అరగంట కూడా నిలిచేవి కావు. కొత్తవి ఏవి కొనాలో తేల్చమని మా డైరెక్టరు నాకు అప్పజెప్పారు. నా మొదటి తప్పు అక్కడే జరిగింది.

తక్కువ ధర ల్యాప్‌టాప్‌ల కోసం ఒక కొత్త ప్రాసెసర్ రాబోతోందని నేను అప్పటికే రోజూ చదువుతున్నాను. తక్కువ కరెంటు తాగుతుంది, లోపలి గ్రాఫిక్స్ చిప్పు పాతదానికంటే ఎంతో వేగంగా పనిచేస్తుంది, ధర మాత్రం అంతే. మూడు నెలలు ఆగితే చాలని డైరెక్టరుకు నచ్చజెప్పాను. ఆ మూడు నెలలు ఐదయ్యాయి, ఐదు ఏడయ్యాయి. అన్ని రోజులూ సర్వే వాళ్లు చచ్చిన బ్యాటరీలనే మోసుకుంటూ తిరిగారు.

మేము యంత్రాలు కొనే దుకాణం ఖమ్మంలో ఒక ముస్లిం కుటుంబానిది. తాత గడియారాలు బాగుచేసేవాడు, తండ్రి రేడియోలు, టేపురికార్డర్లు చూసేవాడు, కొడుకు ల్యాప్‌టాప్‌లలోకి దిగాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, నేను భాయ్ అని పిలిచేవాణ్ణి. నేను ఆర్డరు పెట్టిన రోజున ఆయన కాసేపు తటపటాయించాడు.

"చిప్పు మంచిదే సార్. కాని మీరు నడిపేది లినక్స్. కొత్త చిప్పుకు డ్రైవర్ కుదురుకునేదాక టైం పడ్తది. పోయినేడు వచ్చిన మోడల్ తీస్కోండ్రి, ఏ పరేషానీ ఉండదు."

నేను ఆయనకు పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన నవ్వి, సరేనని రాసుకున్నాడు.

ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. మొత్తం పన్నెండు. విండోస్‌కు బదులు మేము వాడే ఉచిత వ్యవస్థ లినక్స్‌ను వేసి తెరిచేసరికి అక్షరాలన్నీ ఉబ్బిపోయి, మసకగా కనబడ్డాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ అంటే తెరమీద బొమ్మ ఎలా గీయాలో చిప్పుకు చెప్పే సాఫ్ట్‌వేర్. మా దగ్గరున్న డ్రైవర్ ఈ చిప్పును ఎన్నడూ చూడలేదు. అది గుర్తుపట్టకపోవడంతో బొమ్మలు గీసే పనంతా ప్రధాన ప్రాసెసర్ నెత్తిన పడింది. పటం ఒక పక్కకు జరపాలంటే నీళ్లు తాగి వచ్చేంత సమయం పట్టేది. తెర వెలుతురు తగ్గించబోతే తగ్గేది కాదు, దాంతో బ్యాటరీ కరిగిపోయేది. ఏ బ్యాటరీ కోసం అందరినీ ఏడు నెలలు ఆపానో అదే నిలవడం లేదు. సర్వే వాళ్లు నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే కాస్త తేలికగా ఉండేది.

వాళ్లలో ఒక కోయ అమ్మాయి ఉండేది. ఆ గూడేల్లో ఒకదానిలోనే పుట్టి, సత్తుపల్లిలో డిగ్రీ చదివి మా దగ్గర చేరింది. మాట తక్కువ. నడిచిన ప్రతి చేను గురించి ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకునేది. ఏ గట్టు మీద ఏ చెట్టుంది, వాగు ఎక్కడ దాటింది, ఆ రోజు వెంట ఎవరు వచ్చారు, అన్నీ అందులో ఉండేవి. ఒకసారి ఆఫీసుకు వచ్చినప్పుడు నాతో అంది, "సార్, పాతదాంట్లనే పటం జల్దీ వస్తుండె."

కొత్త డ్రైవర్ వస్తుందని, ఇంకొన్నాళ్లు ఆగమని చెప్పాను. అందరినీ ఆగమనడం నాకు అప్పటికే అలవాటైపోయింది.

అప్పటినుంచి పొద్దున టీ తాగకముందే డ్రైవర్ రాసేవాళ్ల సందేశాలు చదవడం నా పని. ఇవాళ మన చిప్పు పేరు కనబడిందా, రేపైనా వస్తుందా అని. చివరికి ఒకరోజు అది వచ్చింది. కాని అందరికీ ఇచ్చే విడుదలలో రాలేదు. ఇంకా పరీక్షలో ఉన్నది, ఇష్టమున్నవాళ్లు వేసుకుని చూడవచ్చు అనే వరుసలో వచ్చింది. ఇంకొన్ని వారాలు ఆగితే పక్కాది వస్తుంది. అన్ని నెలలు అందరినీ ఆపినవాణ్ణి, ఆ కొన్ని వారాలు మాత్రం నేను ఆగలేకపోయాను. ఎల్లుండే వాగు పక్క గూడెంలో గ్రామసభ. అధికారుల ముందు ఆ మసక తెర పెట్టుకుని కూర్చోవడం నాకు నామోషీగా తోచింది.

ముందు ఒక ల్యాప్‌టాప్‌లో వేశాను. తెర కడిగినట్టు శుభ్రంగా అయింది. పటం వేలు కదిపితే జారింది. వెలుతురు చెప్పిన మాట విన్నది. మండలం పటం మొత్తం తెరిచి అటూ ఇటూ తిప్పాను, ఒకట్రెండు చేలు పెద్దవి చేసి చూశాను, ఒక వీడియో ఆడించాను. ఇంకేం కావాలి అనిపించింది. సాయంత్రానికి పన్నెండింటిలోనూ వేసేశాను. ఇంటికి వెళుతూ దుకాణం దగ్గర ఆగి ఆ సంగతి గొప్పగా చెప్పాను. ఆయన చాయ్ తెప్పించాడు. అన్నీ చూశారా సార్ అని మాత్రం అడిగాడు. చూశాను భాయ్ అన్నాను.

గ్రామసభ రోజున పొద్దున్నే జీపులో బయలుదేరాం. మా టీవీ తెరను గూడెం బడి వరండాలో బల్లమీద నిలబెట్టాం. రెవెన్యూ అధికారి, అటవీ శాఖ ఉద్యోగి, పంచాయతీ కార్యదర్శి కుర్చీల్లో కూర్చున్నారు. ఎదురుగా గూడెం అంతా నేలమీద కూర్చుంది. ఆ అమ్మాయి జాబితా చేతబట్టుకుని ఒక్కో పేరు పిలిచేది. పిలిచినవాళ్లు లేచి నిలబడితే నేను పటంలో వాళ్ల చేను దగ్గరికి వెళ్లి పెద్దది చేసేవాణ్ణి. పసుపు గీతల మధ్య చేను కనబడేది. హద్దుల వాళ్లు ఔనంటే అధికారి టిక్కు పెట్టేవాడు. పని చకచకా సాగింది. లోలోపల నేను పొంగిపోతూనే ఉన్నాను.

అప్పుడు ఒక ముసలమ్మ పేరు వచ్చింది. భర్త లేడు, ఒక్కతే సేద్యం చేసుకుంటుంది. వాగు అవతల కందులు, జొన్నలు వేస్తుంది, కొన్ని జీడిమామిడి చెట్లు పెంచుకుంది. నేను పటం అక్కడికి జరిపి పెద్దది చేశాను. తెరమీద ఆకుపచ్చ అడవి ఉంది, వాగు ఉంది. చేను లేదు.

వెనక్కి తెచ్చి మళ్లీ వెళ్లాను. లేదు. ఆమె పక్క చేను అడిగారు. అదీ లేదు. వాగు వెంబడి ఉన్న ఒక్కో పేరూ పిలుస్తుంటే ఒక్కో చోట ఒట్టి అడవే కనబడింది. అలా పదకొండు పేర్లు అయ్యాయి.

రెవెన్యూ అధికారి చెడ్డవాడు కాదు. పొద్దుటి నుంచి అది ఆయనకు రెండో ఊరు. "పటంల లేకుంటే నేనేం జెయ్యను? తిరిగి సర్వే అని రాస్త" అన్నాడు. తిరిగి సర్వే అంటే ఈ విడతలో పట్టా లేదని అక్కడ అందరికీ తెలుసు. ఇంకో విడత ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో లేదో ఎవరికీ తెలియదు.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు. మైకు నా చేతిలో ఉంది. అందులోనే ఆ అమ్మాయితో అన్నాను, "అమ్మా, వాగు దిక్కు నడిచినప్పుడు పాయింట్లు ఎక్కలేదేమో. నువ్వు సరిగ్గ చూసుకోలేదు."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి.

"నడిచిన సార్" అంది. "మోకాలిబంటి నీళ్లల్ల నడిచిన. అవ్వ నా ఎంబడే ఉన్నది" అంది.

ముసలమ్మ కోయలో ఏదో గట్టిగా అంది. దాన్ని అమ్మాయి మాకు తెలుగులో చెప్పలేదు. వెనక వరుసలోంచి ఎవరో, మనింటి పిల్లయ్యి కూడా గిట్ల చేసిందని గొణగడం నాకు వినబడింది. ఆమెకూ వినబడే ఉంటుంది. నా చెయ్యి ల్యాప్‌టాప్ మీద ఉంది, దాని తెర అద్దంలా మెరుస్తోంది. యంత్రాన్ని అనుమానించాలని నాకు తట్టనే లేదు. మనిషిని అనుమానించడం అంత సులువుగా వచ్చేసింది.

ఆమె ఏడవలేదు, గొడవ పడలేదు. నా పక్కకు వచ్చి నిలబడింది. పటం పక్కన పేర్ల పట్టిక ఉంటుంది, దాన్ని కిందికి జరిపింది. పదకొండు పేర్లూ ఉన్నాయి, ఎదురుగా విస్తీర్ణాలూ ఉన్నాయి. కాసేపు దాన్నే చూసి, "సార్, ఆడ అడవి మీద ఊకనే నొక్కుండ్రి" అంది. నేను కదలకపోతే తనే వేలుపెట్టి వాగు పక్క ఆకుపచ్చ మీద నొక్కింది.

చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది. అందులో ముసలమ్మ పేరు, భర్త పేరు, చేను విస్తీర్ణం. కొంచెం పక్కన నొక్కింది. పక్క చేనావిడ పేరు వచ్చింది.

"చేన్లు ఉన్నయి సార్" అంది. "కండ్లకే కనబడ్తలేవు."

ఆ క్షణంలో నాకు మొత్తం అర్థమైంది. లెక్క సరిగ్గానే ఉంది, గీయడమే జరగడం లేదు. గీసేది కొత్త డ్రైవర్. దాన్ని వేసింది నేను. పన్నెండింటిలోనూ వేసింది నేను. ఇంకొకరి మీదికి నెట్టడానికి సందే లేదు.

మైకు మళ్లీ తీసుకున్నాను. "తప్పు ఈ అమ్మాయిది కాదు, నాది" అన్నాను. "మొన్న నేను దీంట్ల కొత్త సాఫ్ట్‌వేర్ వేసిన. పూర్తిగ చూడకుండ వేసిన. మీ చేలన్నీ లోపల పదిలంగ ఉన్నయి. బొమ్మ గీసేకాడ పోతున్నయి. పది నిమిషాలు ఇయ్యండి, చూపిస్త."

అధికారి గడియారం చూసుకున్నాడు. తర్వాత ముసలమ్మను చూశాడు. చాయ్ ఏమైనా దొరుకుతుందా అని కార్యదర్శిని అడిగాడు. ఆయనకు నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను.

ఆ గూడెంలో సిగ్నల్ లేదు, పాత డ్రైవర్ దించుకునే దారి లేదు. కాని ఒక ఉపాయం ఉంది. గ్రాఫిక్స్ చిప్పు జోలికి పోకుండా, బొమ్మంతా ప్రధాన ప్రాసెసర్‌తోనే గీయమని మా పటం సాఫ్ట్‌వేర్‌కు చెప్పవచ్చు. అందుకు ఒక్క వరుస టైపు చేస్తే చాలు. మొదటిసారి తొందరలో ఒక అక్షరం తప్పు పడింది. రెండోసారి ఆమె పక్కనుంచి ఒక్కో అక్షరం చూస్తుండగా కొట్టాను.

పటం మళ్లీ మునుపటిలాగే ముక్కలు ముక్కలుగా రావడం మొదలైంది. ముందు ఆకుపచ్చ, తర్వాత వాగు. నేను అన్నాళ్లు తిట్టుకున్న ఆ నత్తనడక ఆ రోజు ఎంత ప్రాణంగా అనిపించిందో చెప్పలేను. వాగు అవతల ఒక పసుపు గీత పడింది. దాని పక్కన ఇంకొకటి. గూడెం వాళ్లు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టసాగారు. ముసలమ్మ చేను అన్నిటికంటే చివర వచ్చింది. పదకొండు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కూర్చున్నవాళ్లు కాళ్లు చాపుకున్నారు, పిల్లలను ఒడిలో సర్దుకున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను కుర్చీలో వెనక్కి వాలితే చొక్కా వీపుకు తడిగా అంటుకుంది.

అంతలో ముసలమ్మ లేచి తెర దగ్గరికి వచ్చింది. తన చేను చుట్టూ వేలితో మెల్లగా నడిచింది. ఒక మూల దగ్గర ఆగి, "ఈ మూల నాది గాదు. మా తోటికోడలిది" అంది.

అమ్మాయి నోటుబుక్కు తిప్పి చూసింది. ఆ రోజు అక్కడ మద్దిచెట్టు కూలి గట్టుకు అడ్డంగా పడి ఉందట, తను చుట్టూ తిరిగి నడిచిందట. ఆ వంపు పటంలో ముసలమ్మకు కలిసింది. తప్పు తనదేనని తలెత్తి, తడబడకుండా చెప్పింది. తోటికోడలు కూడా అక్కడే ఉంది. ఇద్దరినీ తెర ముందు నిలబెట్టి, వాళ్లు ఎక్కడిదాకా అంటే అక్కడిదాకా గీత సరిచేశాం. ఇంత సర్వీసులో నాది అన్నవాళ్లనే చూశానని, నాది కాదన్నవాళ్లను ఇప్పుడే చూస్తున్నానని అధికారి నవ్వాడు. పొద్దుటి నుంచి ఆయన నవ్వడం అదే మొదలు. పొద్దు వాలకముందే అన్ని పేర్లకూ టిక్కులు పడ్డాయి.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆమెను క్షమించమని అడిగాను. తప్పు నాది అనుకోకుండా నీ మీద వేశానమ్మా అన్నాను. పామాయిల్ తోటలు మొదలవుతుండగా ఆమె అంది.

"మైకులనే అన్నరు, మళ్ల మైకులనే తప్పు నాదన్నరు. గది చాలు సార్." తర్వాత, "ఇంకోపాలి ఏదన్న వేసేముందుగాల ఈ పదకొండు చేన్లు తెరిచి చూద్దాం" అంది.

మర్నాడు పన్నెండింటిలోనూ ఆ ఒక్క వరుస రాశాను. డైరెక్టరు చేత పద్ధతిగా చీవాట్లు తిన్నాను. తర్వాత దుకాణానికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ముందే చెప్పాను కదా అని ఆయన అంటాడనుకున్నాను. అనలేదు. వాళ్ల తాత గడియారం బాగుచేశాక ఒక రోజంతా తన చేతికే కట్టుకుని తిరిగేవాడట, సరిగ్గా నడిచిందంటేనే మనిషికి ఇచ్చేవాడట. అంతే చెప్పాడు.

ఆ లోపం గురించి డ్రైవర్ రాసేవాళ్లకు తెలియజేయాలి. ఊరివాళ్ల చేలు బయటివాళ్లకు పంపకూడదు కాబట్టి ఆ అమ్మాయి ఒక ఉత్తుత్తి చేను తయారుచేసింది. వాగు వెంట వంకరటింకరగా, ఎన్నో మూలలతో. మూలలు తక్కువుంటే కనబడుతోంది, ఎక్కువైతే మాయమవుతోంది. ఒక్కో మూల తీసేస్తూ, ఎన్ని మూలల దగ్గర మాయమవుతుందో ఆమే పట్టుకుంది. ఆ పదకొండు చేలే ఎందుకు పోయాయో అప్పుడు తెలిసింది. వాగు ఎన్ని మలుపులు తిరిగితే వాటి హద్దులూ అన్ని మలుపులు తిరిగాయి. ఆమె కనిపెట్టింది నేను ఇంగ్లీషులో రాసి పంపాను. ఏ దేశమో తెలియదు, ఒకతను జవాబిచ్చాడు, ఇంకొన్ని వివరాలు అడిగాడు. కొన్ని వారాలకు సరిచేసిన డ్రైవర్ వచ్చింది, ఈసారి అందరికీ ఇచ్చే విడుదలలోనే.

ఈసారి ఒక్క ల్యాప్‌టాప్‌లోనే వేసి, దాన్ని తీసుకుని ఆ గూడేనికి వెళ్లాను. బడి వరండాలో ఇద్దరం కూర్చుని జాబితాలోని ప్రతి చేనూ తెరిచి చూశాం. ఒక్కటీ మాయం కాలేదు. పటం వేగంగా జారింది, బ్యాటరీ మధ్యాహ్నం దాకా నిలిచింది. ఆ తర్వాతే మిగతా పదకొండింటి జోలికి వెళ్లాను. ఇంకొన్ని నెలలకు ఆ గూడెంలో పట్టాలు పంచారు. ముసలమ్మకూ, తోటికోడలికీ ఒకేరోజు వచ్చాయి. నేను దిగిపోయే ముందు విన్న మంచి కబుర్లలో అది పెద్దది.

గూడెంలో కూర్చుని పరీక్షించిన ఆ రోజే ఆమెకు ఒకటి చూపించాను. లినక్స్‌లో ఏదైనా లోపం సరిచేసినప్పుడు, దాన్ని ఎవరు కనిపెట్టి చెప్పారో వాళ్ల పేరు కింద ఒక వరుసలో రాసే ఆనవాయితీ ఉంది. డ్రైవర్ వాళ్లకు పంపిన ఉత్తరంలో నేను ఆమె పేరే ఇచ్చాను. ఆ వరుస ముందే సేవ్ చేసి తెచ్చి తెరమీద పెట్టాను. ప్రపంచంలో ఆ డ్రైవర్ వాడే ఎవరైనా చూడగల చోట ఇంటిపేరుతో సహా ఆమె పేరు ఉంది.

ఆమె దగ్గరికి వంగి, రెండుసార్లు చదువుకుంది. పేరులో అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయా అని చూస్తోందనుకున్నాను.

"ఊరి పేరు రాయలేదా సార్?" అని అడిగింది.

అక్కడ ఊరి పేరు రాసే పద్ధతి లేదని చెప్పాను.

"ఓపాలి అడిగి చూడుండ్రి" అంది.